చదివి వినిపించగా

శేషాద్రి చేతికి ఏ కాగితం వచ్చినా చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెడతాడు. కోనసీమలో ఒక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట, రేకుల పందిరి కింద, ముప్పై ఏడేళ్ళు దస్తావేజులు రాసిన మనిషి. రాసిచ్చేదెవరు, రాయించుకునేదెవరు అన్నది మొదటి పేజీలో ఉంటుంది, దాన్ని అందరూ చదువుతారు. ఇచ్చేదేమిటన్నది ఆఖరున షెడ్యూలులో ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. కొంపలు మునిగేది అక్కడేనని ఆయన నమ్మకం. కూతురు శ్రీలేఖ మెల్‌బోర్న్ శివార్లలో, క్రెయిగీబర్న్‌లో ఇల్లు కొన్నప్పుడు, డెబ్భై పేజీల కాంట్రాక్టును వెనకనుంచి చదివి, పక్కవాళ్ళ మురుగు గొట్టం మన పెరటి కిందుగా పోతోందని పట్టుకున్నది ఆయనే. లాయరు కూడా చూడలేదు. ఆ సంగతి ఇప్పటికి కనీసం నలభై మందికి చెప్పి ఉంటాడు.

ఆ ఒక్క విజయం తర్వాత ఈ దేశంలో ఆయన విద్యకు పని లేకపోయింది. గుడికి వెళితే చుట్టూ డాక్టర్లూ ఇంజినీర్లూ. "అంకుల్, ఇండియాలో మీరేం చేసేవారు?" అని అడగడం, డాక్యుమెంట్ రైటరునని చెప్పగానే "ఓ, నైస్" అని పులిహోర వైపు తిరిగిపోవడం. ఆ నైస్ వింటే శేషాద్రికి ఒళ్ళు మండేది. ఆయన వృత్తికి మనస్ఫూర్తిగా విలువిచ్చినవాడు ఈ ఖండం మొత్తం మీద ఒక్కడే. ఆయన వియ్యంకుడు, వారెన్ హోల్కమ్.

వారెన్ అంటే శ్రీలేఖ భర్త డేనియల్ తండ్రి. హైస్కూల్లో పిల్లలకు చెక్కపని నేర్పి రిటైరైన మాస్టారు. ఎనభై రెండో ఏడు. భార్య పోయాక రెండు వీధుల అవతల పాత ఇంట్లో ఒక్కడే ఉంటాడు. శేషాద్రి ఆయన్ని వారెన్ గారూ అని పిలుస్తాడు. ఆ గారు ఏదో బిరుదనుకుని వారెన్ ఎంతో మురిసిపోయాడు, బదులుగా శేషాద్రిని శేష్ అని సగానికి నరికేశాడు. మగపిల్లాడి తండ్రి కదా, ఎంత నరికినా పడక తప్పదు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. శేషాద్రిది దస్తావేజుల ఇంగ్లీషు, వారెన్‌ది వర్క్‌షాపు ఇంగ్లీషు. అయినా ఇద్దరికీ బాగానే కుదిరింది.

కుదరడానికి కారణం ఒక పూర్వీకుడు. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు చేతికింద ఉన్న కాలంలో వర్జీనియాలో మూడు వందల ఎకరాల ఆసామి నథానియేల్ హోల్కమ్ తమ వంశకర్త అని వారెన్ తండ్రి చెప్పేవాడు. 1853లో బంగారం వేటకు అమెరికా నుంచి ఇక్కడి బెండిగోకు వచ్చిన ఐజాక్ వరకు, ఐజాక్ తాత థామస్ వరకు కాగితాలు దొరికాయి. ఆ థామస్ నథానియేల్ కొడుకేనని రుజువు మాత్రం లేదు. వలసకాలపు ఆసాముల వారసులకు అమెరికాలో ఒక సంఘం ఉంది. అందులో చేరాలని వారెన్ తండ్రి రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. సాక్ష్యం చాలదని రెండుసార్లూ తిప్పి పంపారు. పోయేముందు ఆయన కొడుకుని అడిగింది అదొక్కటే. వారెన్ ముప్పై ఏళ్ళు వెతికాడు. ఈలోగా రెండు కళ్ళలోనూ చూపు మధ్యభాగం పోయింది. గది అంచులు కనిపిస్తాయి, గుమ్మం కనిపిస్తుంది, అక్షరం మీద చూపు నిలిపితే సరిగ్గా ఆ అక్షరమే మాయమవుతుంది.

అందువల్ల మంగళవారం, శుక్రవారం మూడు గంటలకు శేషాద్రి ఆ ఇంటికి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోవడం మొదలైంది. వర్జీనియా కౌంటీ రిజిస్టర్లన్నీ ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. మొదటి పేజీ తెరవగానే శేషాద్రికి సొంత ఊరు వచ్చినట్టనిపించింది. తూర్పున ఫలానావారి పొగాకు చేను, దక్షిణాన వాగు, పడమర గుర్తు చెక్కిన ఓక్ చెట్టు. కింద సాక్షులు, చదువు రానివాళ్ళు పెట్టిన గీతలు. రెండు వందల యాభై ఏళ్ళ కిందటి ఆ రాతగాడు తన పక్క బల్ల మీద కూర్చుని రాసినవాడే. శేషాద్రి ప్రతి దస్తావేజూ మొదటినుంచి చివరిదాకా పైకి చదివేవాడు, వారెన్ కళ్ళు మూసుకుని వినేవాడు.

నథానియేల్ వీలునామాలో ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. థామస్ లేడు. కానీ నథానియేల్ భూమికి ఆనుకుని థామస్ హోల్కమ్‌కు యాభై ఎకరాలున్నట్టు పన్ను జాబితాలున్నాయి. అతను దాన్ని కొన్న కాగితమూ లేదు. ముప్పై ఏళ్ళుగా వారెన్ తల బాదుకున్నది ఈ గోడకే. శేషాద్రి విని నవ్వాడు.

"ఇందులో ముడి ఏముందండీ? వేరుపడిన కొడుకు. తండ్రి బతికుండగానే వాటా తీసుకుని పక్కన ఇల్లు కట్టుకున్నాడు. అలాంటివాడికి వీలునామాలో మళ్ళీ రాయరు. మా తాలూకాలో ఇవి నేను వందలు రాశాను."

వారెన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంత తేలికైన సంగతి తనకు ఎవరూ చెప్పలేదన్నాడు. చెప్పకపోవడానికి కారణం, వర్జీనియాలో ఉమ్మడి కుటుంబాలు లేవు. ఉమ్మడి లేనిచోట వేరుపడేదేమిటన్న అనుమానం ఆ పూట శేషాద్రికి రానేలేదు. వంద కేసులు చూసినవాడికి నూట ఒకటోది కూడా అలాగే కనిపిస్తుంది. పైగా ఎదుట కూర్చున్నవాడు అంత గౌరవంగా వింటుంటే నోరు ఎవరికి ఆగుతుంది?

పది రోజుల్లో వారెన్ వంశవృక్షాన్ని పెద్ద కాగితం మీద అచ్చు వేయించాడు. శిఖరాన నథానియేల్, కింద థామస్, అట్టడుగున డేనియల్, శ్రీలేఖ. రెడ్ గమ్ చెక్కతో చుట్టూ ఫ్రేము కూడా తనే చేశాడు, చూపు లేకుండా, వేళ్ళతో తడిమి తడిమి. మూలల్లో వెంట్రుక దూరే సందు లేదు. సంఘానికి పంపే అర్జీ మీద కాగితాలన్నీ చదివి చూసిన సాక్షి సంతకం కావాలన్నారు. శనివారం మధ్యాహ్నం శేషాద్రి వచ్చి సంతకం చెయ్యాలి, సోమవారం పోస్టు చెయ్యాలి. నాన్న సమాధి దగ్గరికి ఒక నకలు తీసుకువెళతానన్నాడు వారెన్.

సంతకం పెట్టేముందు థామస్ వాటా తీసుకున్న పంపకం కాగితం ఒక్కటి జత చేస్తే పకడ్బందీగా ఉంటుందని, బుధవారం ఇంట్లోనే కూర్చుని శేషాద్రి వెతికాడు. థామస్ పేరున ఏమీ లేదు. సొంత కాగితం దొరకనప్పుడు పొరుగువాడి కాగితం చూడాలన్నది రాతగాళ్ళందరికీ తెలిసిందే, ఎందుకంటే తన భూమిని దాచినవాడు కూడా పక్కవాడి హద్దులో దొరికిపోతాడు. 1794లో పక్క రైతు అమ్మిన భూమికి తూర్పు హద్దు ఇలా ఉంది: స్వతంత్రుడైన థామస్ హోల్కమ్ భూమి.

శేషాద్రి ఆ వాక్యాన్ని రెండోసారి చదివాడు. హద్దుల్లో ఎవరూ అలంకారం రాయరు. ఆసామి కొడుకును పట్టుకుని స్వతంత్రుడని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు స్వతంత్రుడు కానివాడికే ఆ మాట కావాలి.

అక్కడినుంచి గంట పట్టింది. 1792లో నథానియేల్ రాసిన దస్తావేజు దొరికింది. డైనా కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు, టామ్ అనేవాడికి బానిసత్వం నుంచి స్వేచ్ఛ ఇస్తున్నట్టు, ఇకమీదట థామస్ హోల్కమ్ అని పిలవబడునట్టు, యాభై ఎకరాలు అతనికీ అతని సంతానానికీ చెందునట్టు. సూచికలో ఇంటిపేరు లేకుండా టామ్ అని మాత్రమే ఉండడంతో వారెన్‌కు ఎన్నడూ తగల్లేదు. ఎందుకిస్తున్నాడో నథానియేల్ రాయలేదు. మూల దస్తావేజు చూడకుండా ఏ కాగితాన్నీ వదలని అలవాటు కొద్దీ శేషాద్రి ఇంకా వెనక్కి వెళ్ళాడు. 1771. తండ్రి రిచర్డ్ తన కొడుకు నథానియేల్‌కు మూడు వందల ఎకరాలు దానంగా ఇచ్చిన పత్రం. మొదటి పేజీ వారెన్‌కు ఎప్పటినుంచో తెలుసు. శేషాద్రి ఆఖరి పేజీ తెరిచాడు. ఇంగ్లీషు చదువుతుంటే లోపల తనంతట తానే తెలుగు దస్తావేజు నడిచిపోయింది. ఏడేళ్ళ వయసు గల ఎర్ర గుర్రం ఒకటి. డైనా అను బానిస స్త్రీ ఒకతె, ఆమె మగబిడ్డ టామ్. ఈకల పరుపు ఒకటి, దిండ్లతో సహా. ఇనుప కుండలు రెండు.

వారెన్ వెతికిన వంశకర్త దొరికింది. రాసిచ్చినవారిలో కాదు, రాయించుకున్నవారిలో కాదు, సాక్షుల్లో కాదు. షెడ్యూలులో.

ఆ సాయంత్రం శేషాద్రి అన్నం సరిగా తినలేదు. సిగ్గు వేసింది, అంతకన్నా భయం వేసింది. తను ధీమాగా అన్న ఒక్క మాట మీద ఆ ముసలాయన ఫ్రేము చేసుకుని కూర్చున్నాడు. సంగతంతా శ్రీలేఖకు చెప్పాడు. ఆమె కౌన్సిల్‌లో ఇంజినీరు, దేన్నైనా చప్పున తేల్చేస్తుంది. డేనియల్ పని మీద డార్విన్ అవతల ఫోనందని చోట ఉన్నాడు, లేకపోతే అతన్నే అడిగేవాళ్ళు.

"నాన్నా, లీవిట్," అంది శ్రీలేఖ. "ఆయనకి ఎయిటీ టూ. తనంతట తను చదువుకోలేడు కదా. నువ్వు ఆ ఒక్క పేజీ స్కిప్ చేస్తే ఎవరికి లాస్ చెప్పు? హ్యాపీగా సైన్ చేసి వచ్చెయ్."

కూతురు ప్రేమతోనే అంది. కానీ ఒక్క పేజీ స్కిప్ చేయడమన్న మాట శేషాద్రికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ పని ఆయన ఇదివరకు ఒకసారి చేశాడు.

1988లో తండ్రి పోయాక ఆస్తి పంచుకున్నప్పుడు, అక్క ఆండాళ్ చేత తన వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల రాయించారు. రాసింది శేషాద్రే. కాలవ గట్టున ఉన్న అరవై సెంట్ల కొబ్బరితోట ఆండాళ్‌దని తండ్రి నోటిమాటగా చెప్పి పోయాడు. అన్నయ్య దాన్ని కూడా షెడ్యూలులో చేర్చమన్నాడు. శేషాద్రి చేర్చాడు. ఆ రోజు హడావుడిలో ఆండాళ్ కళ్ళజోడు మరిచిపోయి వచ్చింది. నువ్వు రాసింది నేను చూసేదేముందిరా, చదువు, వింటాను అంది. శేషాద్రి మొదటి రెండు పేజీలూ స్పష్టంగా చదివాడు. మూడో పేజీ దగ్గర షెడ్యూలు దాఖలా ఆస్తులు వగైరా అని తిప్పేశాడు. ఆండాళ్ గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. చదివి వినిపించగా విని, సమ్మతించి చేసిన సంతకమని దాని పైన శేషాద్రి చేతిరాతే ఉంది, అడుగున ఆయన సంతకమూ ఉంది. ఇన్నేళ్ళలో అక్కాతమ్ముళ్ళు ఆ తోట మాట ఎత్తలేదు. అక్క ప్రతి ఉగాదికీ ఫోను చేస్తుంది. ప్రతిసారీ ఆయనే ముందు ఫోను పెట్టేస్తాడు.

శనివారం ఉత్తరపు గాలి వేడిగా కొడుతోంది. వారెన్ తెల్ల చొక్కా వేసుకుని, ఫ్రేమును బల్ల మీద పడుకోబెట్టి, పక్కన అర్జీ, పెన్ను సిద్ధంగా పెట్టుకున్నాడు. శేషాద్రి పెన్ను ముట్టుకోలేదు. ముందు మూడు కాగితాలు చదవాలన్నాడు. పొరుగువాడి హద్దుతో మొదలుపెట్టి, స్వేచ్ఛ ఇచ్చిన దస్తావేజు చదివి, ఆఖరున 1771 నాటి షెడ్యూలు చదివాడు. గొంతు ఎక్కడా తగ్గించలేదు, ఎక్కడా తొందరపడలేదు. చదువుతున్నంతసేపూ వారెన్ ముఖం వైపు చూడలేదు.

వారెన్ చెయ్యి చాచి, పెన్నును తడిమి పక్కకు జరిపాడు.

"వేరుపడిన కొడుకన్నావు," అన్నాడు వారెన్.

"అన్నాను. తప్పు నాదేనండీ. మా ఊరి లెక్క తీసుకొచ్చి మీవాళ్ళకి వేశాను."

వారెన్‌కు కోపం వచ్చింది. వచ్చిందని ఆయనే చెప్పాడు. ఈ కాగితం నాన్న బతికుండగా దొరకనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదన్నాడు. కాసేపు నాతో మాట్లాడకు అని వంటింట్లోకి వెళ్ళాడు, కెటిల్‌లో నీళ్ళు పోసి, స్విచ్ వెయ్యకుండానే తిరిగొచ్చి కూర్చున్నాడు.

"టామ్ తండ్రి నథానియేలేనా?"

"రాయలేదు. అయ్యుండచ్చు. కాకపోవచ్చు. రాయనిది నేను చెప్పను."

"ఆమె పైన ఏముంది, కింద ఏముంది, మళ్ళీ చదువు."

శేషాద్రి చదివాడు. గుర్రం, ఆమె, బిడ్డ, పరుపు, కుండలు.

"ఆమెకెన్నేళ్ళు?"

"లేదండీ."

"గుర్రానికి ఏడేళ్ళన్నావు."

"గుర్రానికి రాశారు. ఆమెకి రాయలేదు."

వారెన్ తల వంచుకుని ఫ్రేము అంచు మీద వేలితో ఒక మూల నుంచి ఇంకో మూల దాకా రాసుకుంటూ పోయాడు. తర్వాత పట్టకారు అడిగాడు. ఫ్రేమును బోర్లా తిప్పి, వెనక చెక్కకు కొట్టిన చిన్న మేకుల్ని తడుముకుంటూ ఒక్కొక్కటే లాగాడు. పదకొండు మేకులు. వంశవృక్షం బయటికి తీసి శేషాద్రి వైపు జరిపాడు. థామస్ పైన ఉన్న పేరు కొట్టెయ్యమన్నాడు. అక్కడ ఆమె పేరు రాయమన్నాడు.

సంఘంవాళ్ళు దీన్ని ఒప్పుకోరేమో అన్నాడు శేషాద్రి. ఆసాముల వారసులకే కదా ఆ సంఘం.

"ఫ్రేము నాది శేష్. నేను చేశాను."

శేషాద్రి నథానియేల్ పేరు మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన పొందికైన అక్షరాలతో డైనా అని రాశాడు. పుట్టిన సంవత్సరానికి ఉన్న గడిని ఖాళీగా వదిలేశాడు. అర్జీని వారెన్ రెండుగా మడిచి సొరుగులో పెట్టాడు, చింపలేదు. మీ దేశంలో కాగితం చదివి వినిపించినవాడు ఎక్కడైనా సంతకం పెడతాడా అని అడిగాడు. అన్నిటికన్నా కింద పెడతాడని శేషాద్రి చెప్పాడు. అయితే పెట్టు అన్నాడు వారెన్.

శేషాద్రి కాగితం అడుగున సంతకం పెట్టాడు. ఆయన జీవితంలో అలాంటి సంతకాలు కొన్ని వేలు పెట్టి ఉంటాడు. ఒక్కటి తప్ప అన్నీ నిజమైనవే. ఆ ఒక్కటి గుర్తొచ్చి ఆఖరి అక్షరం వంకరపోయింది. వారెన్‌కు అది కనపడలేదు.

ఇంటికి నడుస్తూ మధ్యదారిలో పార్కు బెంచీ మీద కూర్చున్నాడు. ఇక్కడ నాలుగు దాటింది, అక్కడ ఇంకా పొద్దున్నే. ఆండాళ్ వెంటనే ఫోనెత్తింది. పండగ కాని రోజున చేశావేంట్రా, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. బాగానే ఉందన్నాడు. కూరలోకి బీరకాయ తరుగుతున్నానంది. కాసేపు ఆ బీరకాయ గురించే మాట్లాడాడు. తర్వాత ఇక తప్పించుకోలేక, ఎనభై ఎనిమిదిలో రాసిన కాగితంలో నీకు చదవని పేజీ ఒకటుంది అక్కా అన్నాడు.

అవతల కత్తిపీట చప్పుడు ఆగింది.

"తెలుసురా. ఆ నెల్లోనే నకలు తెప్పించుకుని చదూకున్నాను."

శేషాద్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకున్నాడు. మరి ఇన్నేళ్ళూ ఒక్కసారీ అడగలేదేమని గొణిగాడు.

"నేనడగడమేంట్రా? చదివి వినిపించాల్సింది నువ్వు. ఇప్పుడన్నా చదువు, వింటాను."

ఆ మూడో పేజీ ఆయనకు కంఠతా వచ్చు. ఎదురుగా వీధిలో కార్లు పోతున్నాయి. శేషాద్రి గొంతు సవరించుకుని, కాలవ గట్టు తోట తూర్పు హద్దుతో మొదలుపెట్టాడు.